ఊగే ట్రాలీని బాగు చేయించకుండా కూలీలను ఎక్కించొద్దు

పత్తి ఏరుడు, మిరప కోతల కాలం వచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో పొద్దు పొడవక ముందే ట్రాక్టర్ల చప్పుడు మొదలవుతుంది. బొడ్రాయి దగ్గరనో, తండా మొగదలనో ట్రాక్టరు వచ్చి ఆగుతుంది. సద్ది గిన్నెలు, నీళ్ల సీసాలు పట్టుకొని ఆడకూలీలు ట్రాలీ ఎక్కుతారు. కూసునే చోటు దొరకనివాళ్లు డాలా అంచు పట్టుకొని నిలబడుతారు. డ్రైవరు గేరు వేస్తాడు. ఊరు దాటి తారు రోడ్డెక్కగానే ట్రాలీ తోక అటొకసారి ఇటొకసారి కొట్టుకోవడం మొదలవుతుంది.

"తమ్మీ, జర మెల్లగ పోనియ్, డబ్బా ఊగుతున్నది" అని ఒక పెద్దమ్మ అరుస్తుంది.

"ట్రాలీ అన్నంక ఊగదా పెద్దమ్మా?" అని జవాబు వస్తుంది.

ఈ జవాబు తప్పు. ట్రాలీ అన్నంత మాత్రాన ఊగాలని లేదు. ఊగుతున్నదంటే దానికి ఒక కారణం వుంటుంది. ఆ కారణం కంటికి కనబడేది, చేతితో తెలిసేది. చాలాసార్లు అది ఒకరిద్దరు కూలీల రోజు కూలికి మించని ఖర్చుతో పోయే లోపమే. ఆ ఖర్చును వాయిదా వేసుకుంటూ పోయే యజమాని వాయిదా వేస్తున్నది మరమ్మతును. పణంగా పెడుతున్నది మాత్రం ముప్పై మంది కూలీల ప్రాణాలను. ఈ సంగతి ప్రతి కూలీకి తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మరిచిపోకూడని ఘోరాలు

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పి.ఏ.పల్లి మండలంలో మిరపకాయలు ఏరడానికి పోతున్న కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడి 9 మంది చనిపోయారు. ఆ కన్నీళ్లు ఆరకముందే, అదే సంవత్సరం జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడింది. 15 మంది పోయారు. చనిపోయినవాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే. 2022 మే నెలలో మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని ఒక తండా నుంచి పెండ్లి సామాను కొనడానికి నర్సంపేటకు ట్రాక్టరులో బయలుదేరినవాళ్లు ఖానాపురం మండలం అశోక్‌నగర్ దగ్గర బోల్తా పడ్డారు. పెండ్లి ఇల్లు చావు ఇల్లయింది. 2025 ఫిబ్రవరి 9న పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలంలో మిరప కోతకు పోయిన నలుగురు ఆడకూలీలు ట్రాక్టరు తిరగబడి చనిపోయారు.

ఇది మన తెలుగు నేలకే పరిమితమైనది కాదు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరు దగ్గర గుడికి పోయి వస్తున్న జనం ట్రాక్టరు ట్రాలీ కుంటలో పడి పాతిక మందికి పైగా చనిపోయారు. ఆ తరువాతనే అక్కడి ప్రభుత్వం మనుషుల ప్రయాణానికి ట్రాలీలు వాడొద్దని ప్రకటన చేసింది.

ఈ ప్రమాదాలన్నిటికీ ట్రాలీ ఊగుడే కారణమని మేము అనడం లేదు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క కారణం వుండవచ్చు. కానీ ఒకటి నిజం. సరిగా వున్న ట్రాలీ డ్రైవరు చిన్న తప్పును కాచుకుంటుంది. లోపమున్న ట్రాలీ ఆ చిన్న తప్పునే చావుగా మారుస్తుంది.

మన మూడు జిల్లాల దారులు ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతున్నాయి. జనగామ వైపు చెరువు కట్టలు, దేవాదుల కాలువ గట్లు. పక్కకు జరగడానికి జాగా వుండదు. మహబూబాబాద్ వైపు తండాల నుంచి దిగే పల్లపు దారులు. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు. పెద్ద లారీ పక్క నుంచి దూసుకుపోతే ఆ గాలి తాకిడికే ఊగే ట్రాలీ తోక మరింత కొట్టుకుంటుంది.

ఊగుడు రెండు రకాలు

ట్రాలీ ఊగుతున్నది అన్నప్పుడు రెండు వేరు వేరు సంగతులను ఒకే మాటతో చెపుతున్నాము. వీటిని విడదీసి చూడాలి.

మొదటిది తోక ఊపు. ట్రాక్టరు తిన్నగా పోతుంటే ట్రాలీ వెనక భాగం పాము తోక లాగా అటూ ఇటూ పోతుంది. మెల్లగా పోయినప్పుడు ఇది దానంతట అదే సద్దుమణుగుతుంది. ఒక వేగం దాటితే సద్దుమణగదు సరికదా, ఒక్కొక్క ఊపుకు పెరుగుతూ పోతుంది. చివరకు ట్రాలీయే ట్రాక్టరును పక్కకు గుంజుతుంది.

రెండవది పక్క ఊపు. ట్రాలీ ఒక చక్రం మీదికి ఒరిగి, మళ్లీ రెండో చక్రం మీదికి ఒరుగుతుంది. బరువు ఎత్తున వున్నప్పుడు, ఒక పక్క కమాన్ పట్టీ విరిగినప్పుడు, ఒక టైరులో గాలి తక్కువైనప్పుడు ఇది వస్తుంది. మలుపులో, రోడ్డు అంచు దిగినప్పుడు తిరగబడేది దీనివల్లనే.

ఎడ్లబండి నేర్పిన పాఠం

తోక ఊపుకు పెద్ద కారణం బరువు పెట్టే తీరు. ఇది మన పెద్దలకు చెప్పనక్కరలేదు. ఎడ్లబండిలో వెనక బరువైతే ఏమయ్యేది? నొగ పైకి లేచి కాడి ఎగిరేది, మెడతాళ్లు ఎడ్ల గొంతుకు బిగిసేవి. ముందు బరువు మరీ ఎక్కువైతే ఎడ్ల మెడలు వంగేవి. కాబట్టి బండి కట్టే మనిషి బస్తాలు వేసినంక కాడి ఎత్తి చూసుకునేవాడు. ముందుకు కొద్దిగా మొగ్గు వుంటేనే కదిలేవాడు.

ట్రాక్టరుకూ అదే లెక్క. రెండు చక్రాల ట్రాలీలో ఇరుసు ఒక్కటే. ఆ ఇరుసుకు ముందు ఎక్కువ బరువు, వెనక తక్కువ బరువు వుండాలి. నూరు పాళ్లలో అరవై ముందు, నలభై వెనక అని గుర్తు పెట్టుకుంటే చాలు. అప్పుడు ట్రాలీ మూతి ట్రాక్టరు హుక్కు మీద నిలకడగా ఆని వుంటుంది. వెనక బరువైతే ఆ మూతి హుక్కును పైకి లేపుతూ వుంటుంది. ట్రాక్టరు వెనక చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది, ట్రాలీ తోక స్వేచ్ఛగా కొట్టుకుంటుంది. అట్లాగని బరువంతా ముందుకే నెట్టినా కీడే. ట్రాక్టరు ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగు మాట వినదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేచిపోతాయి.

ఇక మనుషుల సంగతి. దిగడానికి వీలుగా వుంటుందని అందరూ వెనక డాలా దగ్గరనే చేరుతారు. పది మంది వెనక అంచున కూచుంటే అయిదారు క్వింటాళ్ల బరువు తోక మీద పడ్డట్టే. పత్తి బోరాల మీద కూచుంటే బరువు ఎత్తుకు పోయి పక్క ఊపు పెరుగుతుంది. బస్తా అయితే పెట్టిన చోట వుంటుంది. మనుషులు గతుకు వచ్చినప్పుడల్లా ఒకే దిక్కుకు ఒరుగుతారు. ఆ ఒరుగుడే ఊపుకు ఊపు కలుపుతుంది.

ఎక్కడెక్కడ చూడాలి

ట్రాలీని బాగు చేసేవాడు ముందు మూతి దగ్గర మొదలుపెట్టి వెనకకు పోవాలి. వరుసగా చెపుతాము.

హుక్కు, పిన్ను. ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే రంధ్రం కొత్తలో గుండ్రంగా వుంటుంది. ఏండ్ల తరబడి పిన్ను రాసుకొని అది కోడిగుడ్డు ఆకారం అవుతుంది. పిన్ను నడుము కూడా అరిగి సన్నబడుతుంది. అప్పుడు గేరు మార్చిన ప్రతిసారి, బ్రేకు తొక్కిన ప్రతిసారి మూతి దగ్గర టక్కున కొట్టుకుంటుంది. ఆ ప్రతి దెబ్బా ట్రాలీకి ఒక ఊపు ఇస్తుంది. అరిగిన రంధ్రంలో గట్టి ఉక్కు బుష్ కొట్టించాలి, లేదా కొత్త మూతి వేయించాలి. పిన్ను రంధ్రానికి సరిపోయేదే వాడాలి. చాలాచోట్ల సలాక ముక్కనో, పాత బోల్టునో దూర్చి తీగ చుడుతున్నారు. ఇది మహా ప్రమాదం. పిన్ను ఎగిరిపోకుండా కింద క్లిప్పు వుండి తీరాలి. దానికి తోడు మూతి నుంచి ట్రాక్టరుకు ఒక గట్టి గొలుసు వేయాలి. పిన్ను విరిగినా గొలుసు ట్రాలీని పట్టి వుంచుతుంది.

మూతి ఎత్తు. ట్రాలీ తగిలించినంక పక్క నుంచి నిలబడి చూడాలి. డబ్బా అడుగు నేలకు సమంగా వుండాలి. మూతి పైకి లేచి తోక కిందికి వాలి వుంటే బరువంతా వెనకకు జారుతుంది. రోడ్డు మీద బరువు లాగేటప్పుడు ట్రాక్టరు కింది డ్రాబారుకే తగిలించాలి. పైనెక్కడో తగిలించి లాగితే ట్రాక్టరే వెనకకు తిరగబడుతుంది.

చక్రాలు, బేరింగులు. ఖాళీ ట్రాలీని గట్టి నేల మీద నిలిపి, ఒక పక్క చక్రానికి ముందు వెనక రాళ్లు పెట్టి, రెండో పక్క ఇరుసును జాకీతో ఎత్తాలి. కిందికి ఎవరూ దూరకూడదు. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే కదలిక తెలియకూడదు. టక టక ఆడితే బేరింగు వదులయిందనో అరిగిందనో అర్థం. గ్రీసు మార్చి, నట్టు సరిగా బిగించాలి. అరిగితే కొత్తది వేయాలి. కొద్ది దూరం నడిపి హబ్బు మీద చెయ్యి పెడితే కాలిందంటే లోపల గ్రీసు లేదనో, నట్టు మరీ బిగిసిందనో తెలుసుకోవాలి. బండి ఇరుసుకు కందెన పెట్టకుంటే అది కిర్రుమని ఊరందరికీ చెప్పేది. బేరింగు అట్లా చెప్పదు. విరిగినప్పుడే చెపుతుంది. చక్రం నట్లు కూడా ప్రతి ఒక్కటి పానాతో బిగించి చూడాలి.

టైర్లు. రెండు టైర్లు ఒకే కొలతవి, ఒకే తీరు అరిగినవి వుండాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క బోడి టైరు పెడితే ట్రాలీ ఎప్పుడూ ఒక దిక్కుకే ఒరుగుతుంది. గాలి రెండింటిలో సమానంగా వుండాలి. కాలితో తన్ని చూస్తే తెలిసేది కాదు, మీటరు పెట్టి చూడాలి.

ఇరుసు వంకర. ఇది ఎవరైనా కొలవవచ్చు. ఒక సాగని తాడు తీసుకోండి. మూతి రంధ్రం నడిమి నుంచి ఎడమ చక్రం ఇరుసు కొన దాకా పట్టండి. అదే తాడుతో కుడివైపు కొలవండి. రెండూ సమానంగా రావాలి. తేడా వచ్చిందంటే ఇరుసు జరిగింది, లేదా డ్రాబారు వంగింది. అటువంటి ట్రాలీ పీత నడక నడుస్తుంది. దాన్ని విప్పి, కొలిచి, సరిచేసి బిగించడం తప్ప వేరే దారి లేదు.

కమాన్ పట్టీలు. పట్టీలున్న ట్రాలీల్లో ఒక ఆకు విరిగినా ఆ పక్క కుంగుతుంది. వాటిని ఇరుసుకు పట్టి వుంచే యు-బోల్టులు వదులైతే ఇరుసే ముందుకూ వెనకకూ జరుగుతుంది.

నాలుగు చక్రాల ట్రాలీలో ఇంకొకటి వున్నది. ముందు ఇరుసు తిరిగే రింగు అరిగిపోయి ఆడుతుంటే, డ్రైవరు తిప్పకుండానే ముందు చక్రాలు అటూ ఇటూ తిరుగుతూ డబ్బానంతా ఊపుతాయి. ఆ రింగును, దాని నడిమి బోల్టును తప్పక చూడాలి.

చివరగా వెల్డింగు. మూతి దగ్గర, డ్రాబారు డబ్బాను కలిసే దగ్గర సన్నటి పగుళ్లు వస్తాయి. తుప్పు గీత లాగా కనబడుతాయి. పైపైన వెల్డింగు పూసి రంగు వేస్తే పగులు దాగుతుంది గాని పోదు. పగులును లోపలి దాకా గీకి, అతికి, పైన పట్టా వేయాలి. గాలి నిండిన టైరు బిగించి వుండగా రిమ్ముకు వెల్డింగు పెట్టకూడదు. వేడికి టైరు పేలి మనుషులు చనిపోతారు.

దారి మీద జాగ్రత్తలు

ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రాలకు వేరు వేరు బ్రేకు పెడళ్లు వుంటాయి. దున్నేటప్పుడు మలుపు తిప్పడానికి అవి పనికి వస్తాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. మరిచిపోయి ఒక్క పెడలు తొక్కితే ట్రాక్టరు ఒక దిక్కుకు తిరుగుతుంది, వెనక ట్రాలీ మడత పడుతుంది. మన వైపు ట్రాలీల్లో చాలా వాటికి బ్రేకులే లేవు. ఆపే పనంతా ట్రాక్టరుదే. కాబట్టి పల్లంలో న్యూట్రల్ కొట్టి వదలడం ఆత్మహత్యతో సమానం. ఎక్కిన గేరులోనే దిగాలి.

ఊపు మొదలైతే ఏం చేయాలి? గట్టిగా బ్రేకు తొక్కకూడదు. స్టీరింగును ఎదురు తిప్పకూడదు. వేగం పెంచితే సర్దుకుంటుందని కొందరు అనుకుంటారు, అది పచ్చి అబద్ధం. స్టీరింగు తిన్నగా పట్టి, ఎక్సలేటరు మెల్లగా వదలాలి. వేగం తగ్గితే ఊపు తగ్గుతుంది. తగ్గినంక ఆపి, మనుషులను దించి, కారణం చూడాలి. మళ్లీ అట్లాగే పోకూడదు.

డ్రైవరు మన శత్రువు కాదు

ఏదైనా జరిగితే మొదట కేసు పడేది డ్రైవరు మీద. అతడూ మన వంటి జీతగాడే. "పటేలా, పిన్ను అరిగింది, బేరింగు ఆడుతున్నది" అని అతడు చెప్పే వుంటాడు. "ఈ సీజన్ కానీయ్, చూద్దాం" అని యజమాని అనే వుంటాడు. సీజన్ అయ్యేది యజమానికి. కూలీకి, డ్రైవరుకు సీజన్ మధ్యలోనే బతుకు అయిపోవచ్చు. అందువల్ల డ్రైవరుతో కొట్లాడడం కాదు, డ్రైవరును కలుపుకొని యజమానిని అడగాలి. ఆడకూలీలు, గుంపు మేస్త్రి, డ్రైవరు ఒక్క మాట మీద నిలబడితే వెల్డింగు దుకాణానికి ట్రాలీ పోక తప్పదు. మిరప పండి చేతికి వచ్చినప్పుడు ఒక్క పొద్దు పని ఆగినా రైతుకు తెలుస్తుంది. చిన్న రైతు అయితే కూచుని మాట్లాడుకుందాం. కిరాయికి ట్రాలీలు తిప్పే ఆసామి అయితే మరమ్మతు తరువాతనే ఎక్కుతామని తేల్చి చెప్పుదాం.

పరిహారం మాట

ట్రాలీ సామాను మోయడానికే రిజిస్టరు అవుతుంది. మనుషుల ప్రయాణానికి కాదు. ప్రమాదం జరిగినంక బీమా కంపెనీ మొదట పట్టుకునే పాయింటు ఇదే. 2007లో సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి కేసే వచ్చింది. ఇటుకల బట్టీకి మట్టి తోలే ట్రాక్టరు ట్రాలీ మీద పోతూ ఒక పేద కూలీ గాయపడ్డాడు. చట్టప్రకారం బీమా కంపెనీకి బాధ్యత లేదని కోర్టు అన్నది. అయినా అతని పేదరికాన్ని చూసి, తనకున్న ప్రత్యేక అధికారంతో, కంపెనీ ముందు డబ్బు కట్టి తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని చెప్పింది. అది ఆ ఒక్క కేసుకు చూపిన దయ. మన ఇండ్లకు అది హక్కుగా వస్తుందని నమ్ముకొని ట్రాలీ ఎక్కలేము.

మనం అడగవలసినవి

ఎంత బాగు చేసినా ట్రాలీ మనుషులు ఎక్కే బండి కాదు. ఈ మాట మేము దాచడం లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. కానీ తెల్లవారుజామున తండాకు రాని బస్సు ఉచితమైతేనేమి, కాకుంటేనేమి? కోతల కాలంలో కూలీల వేళకు బస్సులు నడపాలని ఆర్టీసీ డిపోల ముందు అడగాలి. దూరపు చేనుకు పిలిచిన రైతే ప్రయాణం ఖర్చు భరించాలని, ఆ ఖర్చును కూలిలో కోయకూడదని ఒప్పందం చేసుకోవాలి.

ఆ రోజు వచ్చేదాకా ఊగే ట్రాలీ ఎక్కేది లేదని ప్రతి ఊళ్లో కూలీలు తీర్మానం చేసుకోవాలి. ఎక్కే ముందు ఇద్దరు ముగ్గురు పిన్ను, క్లిప్పు, గొలుసు, టైర్లు, చక్రం నట్లు చూడాలి. ఇంతా కలిపి పది నిమిషాల పని. మనుషులున్న ట్రాలీలో బస్తాలు వేయనీయొద్దు. అంచుల మీద, బోరాల మీద, ట్రాక్టరు మడ్‌గార్డుల మీద ఎవరూ కూచోవద్దు. ఇరుసుకు ముందు ఎక్కువ మంది, వెనక తక్కువ మంది, అందరూ అడుగున కూచోవాలి. వెనక ఎర్ర రేకులు, లైటు లేకుండా చీకట్లో కదలనీయొద్దు. ఇరవై కిలోమీటర్ల వేగం దాటనీయొద్దు.

కూలి రేటు కోసం కలిసి నిలబడడం మనకు అలవాటే. పొద్దున పోయిన మనిషి మాపటికి ఇల్లు చేరడం కూడా కూలి ఒప్పందంలో భాగమేనని ఇక మీదట ప్రతి ట్రాక్టరు యజమానికి తెలియజేద్దాం.